బేస్‌లైన్ వెనక ముగ్గు

ముందుగా ఒక మాట. అది ఆదివారం. మిర్యాలగూడలో ఖోఖో నేర్పే మా తోటి మేడం ఈ సంగతి ఎక్కడ చెప్పినా శనివారం అంటుంది. శనివారం సెమీఫైనల్స్ జరిగాయి, ఆదివారం ఫైనల్ జరిగింది. వారం కూడా సరిగ్గా చెప్పలేని జ్ఞాపకాన్ని నేను జ్ఞాపకమనను, పుకారంటాను.

కొత్తగా వ్యాయామ ఉపాధ్యాయులుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మీ సర్వీసులో మరిచిపోలేనిది ఏదైనా చెప్పండి మేడం" అని అడుగుతారు. నేను గోడకున్న షీల్డుల వైపు చూస్తానని వాళ్ల ఆశ. నేను ముగ్గు దగ్గర మొదలుపెడతాను. వాళ్ల ముఖాలు చూడాలి అప్పుడు.

నవ్వకండి. మన వృత్తిలో ముగ్గంటే ఏమిటో మీకూ తెలుసు. కోర్టు గీతలు. కబడ్డీ అయినా, ఖోఖో అయినా, పొద్దున్నే టేపు పట్టి, తాడు లాగి, సున్నం పొడి పోస్తే అది ముగ్గు. "ముగ్గు పోశారా?" అంటే కోర్టు సిద్ధమైందా అని అర్థం. సూర్యాపేటలో ఆడపిల్లల బడిలో చేరిన రోజు నుంచి పొద్దున్నే నేను చేసే మొదటి పని అదే. దాని శత్రువులు కూడా నాకు కంఠతా వచ్చు. వాన, మేకలు, ఎన్నికల సభలు. అన్నిటికన్నా పెద్ద శత్రువు వడ్లు. కోతలు రాగానే మా మైదానం మీద వడ్లు ఆరబోసేవారు. పిల్లలు జిల్లా పోటీలకు తయారవుతుంటే కోర్టు మధ్యలో పరదాలు పరుచుకుని ఎవరో ఒకరు కాపలా పడుకునేవారు. "జర రెండు రోజులు ఆగుండ్రి టీచరమ్మా, తేమ పోవాలె" అనేవారు. వాళ్లను ఏమని కసురుతాం? అదీ తిండే కదా. పిల్లలు మాత్రం గోడవార నీడలో కూర్చుని వడ్ల తేమ పోయేదాకా ఎదురుచూసేవారు.

అందుకే నా రిటైర్మెంటుకు ముందు చలికాలంలో జరిగిన ఆ టోర్నీ నాకు అంత ముఖ్యమైంది.

మిర్యాలగూడలో రైసు మిల్లున్న ఒక పెద్దమనిషికి సూర్యాపేట దాటాక కోదాడ రోడ్డులో పెద్ద గోదాము ఉండేది. ఆయన కూతురు కొన్నాళ్లు టెన్నిస్ ఆడింది. ఆమె కోసం గోదాములో సగం ఖాళీ చేయించి, నేల చదును చేయించి, నీలం రంగు కోర్టు వేయించాడు. ఆ అమ్మాయికి ఆట మీద మనసు పోయింది, కోర్టు మిగిలింది. కప్పు కింద ఆడే మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ టోర్నీకి ఆ ఏడు అనుకున్న చోటు తప్పిపోయి, నిర్వాహకులు వెతుక్కుంటూ ఈ గోదాము దాకా వచ్చారు. స్థాయిలో చిన్నదే. అయినా గెలిచిన పిల్లలకు డబ్బూ ర్యాంకింగ్ పాయింట్లూ వచ్చే అసలైన టోర్నీ. విదేశాల నుంచి కూడా అమ్మాయిలు వచ్చి సూర్యాపేట లాడ్జీల్లో దిగారు.

నేను మిల్లు యజమానిని ఒకటే అడిగాను. టోర్నీ అయ్యాక ఈ కోర్టును మా పిల్లలకు ఇస్తారా అని.

ఆయన వ్యాపారస్థుడు, వెంటనే అవుననలేదు. "ఫైనల్ దాక సక్కగ జరగనియ్యుండ్రి మేడం. జరిగిందా, కోర్టు మీ పిల్లలది. మధ్యలనే లేచిపోయిందనుకో, గిది మనకు అచ్చిరాలేదనుకుంట. యాసంగి వడ్లు తెచ్చి నింపుత" అన్నాడు.

మళ్లీ వడ్లే. ఈసారి కప్పు కింద. ఆ వారమంతా నేను ఎలా పనిచేశానో మీరే ఊహించుకోండి.

మా ముగ్గురినీ లైన్ అంపైర్లుగా తీసుకున్నారు. నేను, మిర్యాలగూడ మేడం, కోదాడలో వాలీబాల్ నేర్పే సారు. హైదరాబాదులో శిక్షణ ఇచ్చి పంపారు. పని వినడానికి తేలిక. గీత దగ్గర కూర్చోవాలి. బంతి బయట పడితే అరిచి చెయ్యి పక్కకు చాపాలి. లోపల పడితే రెండు అరచేతులూ నేల వైపు చూపాలి. చప్పట్లు కొట్టకూడదు. ఆటగాళ్లతో మాట్లాడకూడదు. చివరి రెండూ మా ముగ్గురిలో ఎవరికీ సరిగ్గా చేతకాలేదు.

కోదాడ సారు చేతులకు వాలీబాల్ పట్టుకుంది. బంతి బయట పడితే పక్కకు చాపవలసిన చెయ్యి, అలవాటుగా పైకి లేచేది. ఎదుటి అమ్మాయి ఈయనకేదో సందేహం వచ్చి చెయ్యెత్తాడనుకుని ఆట ఆపేది. మిర్యాలగూడ మేడం మెడలోంచి విజిల్ తీసేయమని అందరం చెప్పాం, తీయలేదు. "మెడ బోసిగుంటది అక్కా" అంది. రెండో రోజే ఒక అమ్మాయి కింద పడబోతే కంగారులో విజిల్ ఊదేసింది. మంచి పాయింటు మధ్యలో ఆగిపోయింది.

ఇక నా విషయం. నాది బేస్‌లైన్, అంటే కోర్టు చివరి గీత. సర్వీసు చేసే అమ్మాయి బంతిని కొట్టేదాకా పాదం ఆ గీతను తాకకూడదు. తాకితే ఫుట్ ఫాల్ట్. నిబంధనల పుస్తకంలో ఉంది కాబట్టి నేను ఇచ్చాను. టోర్నీలో అందరికన్నా పై ర్యాంకున్న అమ్మాయికి కూడా ఇచ్చాను. తక్కిన అంపైర్లు చూసీ చూడనట్టు వదిలేస్తారట, ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు, చెప్పినా వినేదాన్ని కాదు. మూడో రోజుకు కోదాడ సారు నాకో పేరు పెట్టాడు. నేను లోపలికి వస్తుంటే "కాళ్ల మేడం వస్తున్నారండీ, అందరూ కాళ్లు సర్దుకోండి" అనేవాడు. ఆయన భోజనం డబ్బా తెచ్చుకునేవాడు కాదు, నా టిఫిన్ డబ్బాలో సగం తినేవాడు. అయినా ఆ పేరు మానలేదు.

పైన అధికారి పుణె నుంచి వచ్చిన ఒక సూపర్‌వైజర్ మేడం. నాకన్నా చాలా చిన్నది, సన్నగా ఉండేది, ఎప్పుడూ నవ్వేది కాదు. నాకు నచ్చింది. కానీ ఆమెకు మేము నచ్చే దారి కనపడలేదు. ప్రారంభోత్సవం రోజు మిల్లు యజమాని ఎవరు చెబుతున్నా వినకుండా నెట్టు స్తంభానికి దండ వేసి, బేస్‌లైన్ మీద కొబ్బరికాయ కొట్టాడు. నీళ్లు నీలం నేల మీద పారాయి. ఆమె కళ్లు మూసుకుని నిలబడింది. మర్నాడు విజిలు. ఆ మర్నాడు కరెంటు పోయింది, జనరేటరుకు డీజిలు లేదు. శుక్రవారం ఆమె మమ్మల్నందరినీ పిలిచి హిందీలో నెమ్మదిగా చెప్పింది: హైదరాబాదులో ఒక హాలు సిద్ధంగా ఉంచారట. కోర్టు విషయంలో ఇంకొక్క పొరపాటు జరిగినా మిగతా ఆటలు అక్కడికి మారుస్తుందట.

కోదాడ సారు నా చెవి దగ్గర "అయితే మీ పిల్లలకి వడ్లేనండీ" అన్నాడు. నేను ఆయనకు ఆ రోజు డబ్బా ఇవ్వలేదు.

శనివారం సెమీఫైనల్స్ ఏ గొడవా లేకుండా అయిపోయాయి. నాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంలోనే నోరు తెరిచాను.

గోదాము ఊడ్చే ఆమె ఆత్మకూరు వైపు నుంచి రోజూ తెల్లవారకముందే ఆటోలో వచ్చేది. నా వయసే. వారమంతా ఆమెకు "గీతలు తుడువు" అని చెబుతూ వచ్చాను. ఆమె తడిబట్టతో గీతలు తుడిచి పోయేది. ఆ సాయంత్రం గీతలు కొంచెం మాసినట్టు కనిపించాయి. రేపు ఫైనల్, పేపరోళ్లు వస్తారు, కలెక్టరాఫీసు నుంచి వస్తారు. ఇన్నేళ్ల అలవాటు నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"రేపు పెద్ద దినం. ముగ్గు తళతళ మెరవాలె. అందరు సూస్తరు" అన్నాను.

ఆమె ముఖం వెలిగింది. "గంతేనా టీచరమ్మా, సూడుండ్రి ఇగ" అంది. గీతలు తుడవడానికి అంత వెలగవలసిన పనేముందని నాకు అప్పుడు తోచలేదు.

ఆదివారం పొద్దున అంపైర్లందరికన్నా ముందు నేనే వెళ్లాను. కోర్టు మీది పెద్ద లైట్లు వేసి చూస్తే, నా బేస్‌లైన్ వెనక, ఈ మూల నుంచి ఆ మూల దాకా, ముగ్గు. తామర పూలు, మెలికలు, మధ్యలో దీపం. కళ్లాపి చల్లినట్టు నేలను నీళ్లతో తడిపి, ఆ తడి మీద వేసింది. దాపరికమెందుకు, మంచి ముగ్గు. రెండు తామరలు బేస్‌లైన్ దాటి కోర్టు లోపలికి కూడా వచ్చాయి.

ఊడ్చే ఆమె పక్కనే చేతులు కట్టుకుని, నేనేమంటానోనని చూస్తోంది.

"ఏందమ్మా ఇది?"

"ముగ్గు."

"ఎవరెయ్యమన్నరు?"

"మీరే గద సెప్పిన్రు! ముగ్గు మెరవాలె, పెద్ద దినమంటిరి."

"ముగ్గంటే గీతలు! నాలుగు దిక్కుల తెల్లగ ఉన్నయి గదా, గవి!"

ఆమె గీతల వైపు చూసింది. నా వైపు చూసింది. "నాలుగు గీతలు పెట్టి ముగ్గంటే మా కోడలు గూడ నవ్వుతది టీచరమ్మా. నేనేమో పాపం, సగం ఏసి ఇడిసిపెట్టిన్రనుకున్న" అంది.

ఇప్పటికీ నా వాదన ఒకటే. టెన్నిస్ కోర్టు మీద నిలబడి ముగ్గు అంటే, దానికి ఒక్కటే అర్థం. కోదాడ సారు ఒప్పుకోడు. "ఆవిడని ముగ్గేయమన్నారు, వేసింది. నన్ను వేయమన్నా అంతే వేద్దునండీ, కాకపోతే ఇంత బాగా వచ్చేది కాదు" అంటాడు.

ఆయనా మిర్యాలగూడ మేడమూ వచ్చేసరికి నేను మోకాళ్ల మీద కూర్చుని తుడుస్తున్నాను. వచ్చీ రాగానే ఆయన చేసిన పని, పైపు కోసం వెతకడం. "నీళ్లు కొట్టేద్దామండీ, ఒక్క దెబ్బకి పోద్ది." నేను అరిచాను. లోపల ఎండ లేదు, చలికాలం, నీళ్లు కొడితే సాయంత్రందాకా ఆరదు. తడి కోర్టు మీద ఆడనివ్వరు. గుడ్డను గట్టిగా పిండి, కొంచెం కొంచెంగా తుడవాలి. ముగ్గురు ప్రభుత్వోపాధ్యాయులం, ఊడ్చే ఆమె, నలుగురం వరసగా మోకాళ్ల మీద. తామరను తుడిచేటప్పుడు ఆమె "అయ్యో, ఆ రెక్క ఎంత సక్కగొచ్చె" అని ఒక్కో రెక్కకూ బాధపడింది. మిర్యాలగూడ మేడం మాత్రం ఆ పక్కనే దీపాన్ని ఫోనులో ఫొటో తీసుకుంటోంది. మిల్లు యజమాని టెంట్ హౌసుకు ఫోను చేసి పెళ్లిళ్లలో పెట్టే పెద్ద ఫ్యాన్లు తెప్పించాడు. వాటి రొదలో ఆయన నాతో ఏమన్నాడో వినపడలేదు. వినపడనట్టే ఉన్నాను కూడా. "వడ్లు" అన్నమాట మాత్రం తెలిసింది.

సూపర్‌వైజర్ మేడం వచ్చేటప్పటికి నేల ఆరింది. ఆమె వంగి వేలితో రాసి చూసింది. వేలు తెల్లబడింది. నీలం మీద పలచని తెల్ల పొర మిగిలిపోయింది, ఎంత తుడిచినా పోలేదు. ఆమె ఫ్యాన్ల వైపు, మా మోకాళ్ల వైపు చూసింది. మా నలుగురి మోకాళ్లూ తెల్లగా ఉన్నాయి. "జారడం లేదు. మొదలుపెట్టండి. కానీ ఆటగాళ్లెవరైనా కోర్టు బాగాలేదంటే నేను ఆపేస్తాను" అంది.

ఫైనల్ ఒక చెన్నై అమ్మాయికీ, పొడుగాటి జడ వేసుకున్న ఒక విదేశీ అమ్మాయికీ. గోదాములో టెంట్ హౌసు కుర్చీలన్నీ నిండాయి. మా బడి పిల్లలను వెనక వరసలో కూర్చోబెట్టాను, కదిలితే ఊరుకోనని చెప్పి. చెరొక సెట్టూ గెలిచారు. మూడో సెట్టులో ఇద్దరూ సమానంగా నడుస్తున్నారు. జడ అమ్మాయి నా వైపు చివర నుంచి ఆడుతోంది. చెన్నై అమ్మాయి అవతలి నుంచి గట్టిగా కొట్టిన బంతి నా గీత దగ్గర పడింది.

"ఔట్!" అని చెయ్యి చాపాను.

చెన్నై అమ్మాయి నమ్మలేదు. నెట్టు దగ్గరికి వచ్చి నిలబడింది. బంతి గీత మీదే పడిందంది. ఎత్తు కుర్చీలో కూర్చున్న ప్రధాన అంపైరు నా నిర్ణయాన్ని మార్చలేదు. అప్పుడా అమ్మాయి రాకెట్టుతో నా వైపు చూపించి అంది: ఆ చివరంతా నేల తెల్లగా ఉంది, గీత ఎక్కడుందో ఎవరికీ తెలియదు, ఆ పెద్దావిడకు ఎలా తెలిసింది? ఈ కోర్టు ఆడటానికి పనికిరాదు, సూపర్‌వైజర్‌ను పిలవండి.

పనికిరాదు. ఆ ఒక్క మాటకే వారమంతా భయపడ్డాను. మిల్లు యజమాని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. వెనక వరసలో మా పిల్లలు నన్నే చూస్తున్నారు. నేను లైన్ అంపైర్‌ను. మాట్లాడకూడదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాను. మోకాళ్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

సూపర్‌వైజర్ మేడం వచ్చింది. చెన్నై అమ్మాయిని వెంటబెట్టుకుని నా గీత దగ్గరికి నడిచింది.

ఒక విషయం మీకు చెప్పాలి. మట్టి కోర్టులో బంతి పడితే గుర్తు పడుతుంది, ఆ గుర్తు చూసి తేల్చవచ్చు. ఇలాంటి గట్టి కోర్టులో గుర్తు పడదు, చూడటం నిబంధనల్లో లేదు. కానీ ఆ రోజు నేల మీద తెల్ల పొర ఉంది కదా. బంతి పడ్డచోట ఆ పొర లేచిపోయి, కోడిగుడ్డు ఆకారంలో చిన్న నీలం మచ్చ తేలింది. ఆ మచ్చకూ గీతకూ మధ్య గోరంత వెడల్పు తెలుపు చెక్కుచెదరకుండా ఉంది.

సూపర్‌వైజర్ మేడం వంగింది. "ఈ కోర్టులో గుర్తు చూడకూడదు. నేను చూడటం లేదు" అంటూ చాలాసేపు చూసింది. చెన్నై అమ్మాయి కూడా వంగింది. మచ్చనూ గీతనూ మార్చి మార్చి చూసింది. తర్వాత పక్కన తుడవగా మిగిలిన తామర మెలిక ఒకటి లీలగా కనిపించినట్టుంది. వేలితో ఆ పొడి తీసి, రెండు వేళ్ల మధ్య నలిపింది.

"కోలమా?" అంది.

"రంగోలీ" అంది సూపర్‌వైజర్ మేడం, ఇప్పుడు అర్థమైనట్టు.

నేను మాట్లాడకూడదు. నోరు బిగబట్టుకున్నాను. పక్క గీత దగ్గర కూర్చున్న కోదాడ సారు ఉండబట్టలేకపోయాడు.

"ముగ్గండీ" అన్నాడు.

చెన్నై అమ్మాయి పెద్దగా నవ్వింది. కోర్టు మీద ముగ్గేసిందెవరని అడిగింది. కోదాడ సారు అప్పటికే నిబంధన తప్పాడు కాబట్టి ఇంకో మెట్టు దిగి, తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడిన ఆమెను చూపించాడు. ఆమె కొంగు నెత్తిన కప్పుకుని, భయంతో తలుపు చాటుకు జరిగింది. చెన్నై అమ్మాయి ఆమెకు చెయ్యి ఊపింది. నా వైపు తిరిగి, బంతి బయటే పడిందన్నట్టు అరచెయ్యి ఎత్తి తల వంచింది. సూపర్‌వైజర్‌తో కోర్టు సంగతి వదిలేయండి, ఆడతానంది. "మా అమ్మ అయితే నెట్టు దాకా వేసేది" అని ఇంగ్లీషులో చెప్పడం నాకు వినిపించింది.

సూపర్‌వైజర్ మేడం ఆ వారంలో మొదటిసారి నవ్వింది. వెంటనే మానేసి, గుడ్డతో మళ్లీ ఒకసారి తుడిపించి, ఆట సాగించమంది. చెన్నై అమ్మాయే గెలిచింది. నిజం చెప్పాలంటే ఆ తర్వాతి గేములోనే ఆమెకు ఒక ఫుట్ ఫాల్ట్ ఇచ్చాను. నవ్వులు నవ్వులే, కాలు కాలే.

బహుమతులు ఇచ్చేశాక మిల్లు యజమాని నా దగ్గరికి వచ్చాడు. "వడ్లు యాడ పెట్టుకోవాల్నో నేను సూసుకుంట తీ మేడం" అన్నాడు. ఆయన నోట అంతకన్నా మంచి మాట నేను వినలేదు. పోతూ పోతూ ఊడ్చే ఆమెతో "ఇగనుంచి ముగ్గు గేటు బయట. లోపల గీత కూడ గియ్యకు" అన్నాడు.

మా పిల్లలు మొదటిసారి ఆడటానికి వచ్చిన రోజు పొద్దున, ఆ గేటు బయట ఆమె నిజంగానే పెద్ద చుక్కల ముగ్గు మొదలుపెట్టింది. అది చూడటానికి కోదాడ సారు మొదటి బస్సుకే వచ్చాడు, డబ్బా లేకుండా. పిల్లలు బూట్లు విప్పాలా వద్దా అని గుమ్మం దగ్గర గొడవ పడుతున్నారు. నేను ముగ్గు పక్కన నిలబడి చుక్కలు చూశాను. ఇన్నేళ్ల కన్ను ఊరుకోదు కదా. ప్రతి వరసా కలిసింది, చివరి వరస కలవలేదు.

"ఒక సుక్క తక్కువున్నదమ్మా" అన్నాను.

ఆమె తలెత్తకుండానే పిండి వదులుతూ అంది: "తక్కువ లేదు టీచరమ్మా. జర మీ కాలు తియ్యుండ్రి."

కింద చూసుకున్నాను. నా చెప్పు కింద చుక్క.

గేటు దగ్గర నుంచి కోదాడ సారు గొంతు, మా పిల్లలందరికీ వినపడేలా, "ఫుట్ ఫాల్ట్!" అని అరిచింది. చెయ్యి ఈసారి పక్కకే చాపాడు. సరిగ్గా చాపాడు.